పేపర్ల జాబితా, సైటేషన్ల లెక్క పక్కాగా తేల్చుకోవడం ఎలా? బయోమెడికల్ పరిశోధకుల కోసం

మీ పేరుకు గూగుల్ స్కాలర్ హెచ్-ఇండెక్స్ 14 అని, స్కోపస్ 11 అని, వెబ్ ఆఫ్ సైన్స్ 9 అని చూపిస్తే కంగారు పడకండి. మూడూ తప్పు కాకపోవచ్చు. హెచ్-ఇండెక్స్ 14 అంటే ఒక్కోదానికీ కనీసం 14 సైటేషన్లు (ఇతర పేపర్లు దాన్ని ఉదహరించిన సందర్భాలు) ఉన్న పేపర్లు మీకు 14 ఉన్నాయని. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ, ప్రీప్రింట్లనూ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన పేపర్లు), పుస్తకాల్లో అధ్యాయాలనూ కలుపుకుని లెక్కపెడుతుంది. మిగతా రెండూ చందాతో నడిచే డేటాబేసులు, తాము ఎంచి చేర్చుకున్న మూలాల్లో, ప్రధానంగా జర్నళ్లలో, వచ్చినవాటినే చూస్తాయి. ఎవరి గంపలో ఎన్ని ఉంటే వారి లెక్క అంత.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ అంకెల కింద ఉన్న జాబితాలో మీవి కాని పేపర్లు చేరి, మీవి జారిపోయి, ఒకే పేపరు రెండుసార్లు పడి ఉంటే ఏ అంకెనూ నమ్మడానికి లేదు. చాలామంది ముందు అంకె చూసుకుంటారు, జాబితా సంగతి ప్రమోషన్ ఫైలు కదిలే రోజున గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయండి: ముందు జాబితా, తర్వాత పేరు, ఆ తర్వాత ప్రొఫైళ్లు, ఆఖరున అంకెలు.

1. సొంత జాబితా

ఏ వెబ్‌సైటునూ నమ్ముకోకుండా ఎక్సెల్‌లో మీ జాబితా మీరే కట్టుకోండి. ఒక్కో పేపరుకు ఒక్కో వరుస. నిలువు గడులు ఇవి: అచ్చయిన శీర్షిక ఉన్నదున్నట్టు, రచయితలందరి పేర్లు అచ్చయిన క్రమంలో, అందులో మీ స్థానం, మీరు కరెస్పాండింగ్ ఆథరా (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత) కాదా, జర్నల్ పూర్తి పేరు, ఐఎస్ఎస్ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య), ఆన్‌లైన్‌లో వచ్చిన తేదీ, సంచికలో వచ్చిన తేదీ, వాల్యూమ్, సంచిక, పేజీలు, డీఓఐ (పేపరుకు శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు), పీఎంఐడీ (పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల సూచికలో ఆ పేపరు సంఖ్య), పేపరు రకం. రకం అంటే ఒరిజినల్ పరిశోధనా, రివ్యూనా, కేస్ రిపోర్టా, ఎడిటర్‌కు లేఖా అన్నది. ఈ గడిని ఖాళీగా వదలొద్దు. పదోన్నతి నిబంధనలు అన్ని రకాలనూ ఒకే తూకాన తూయవు.

రెండు తేదీలూ ఎందుకంటే, డిసెంబరులో ఆన్‌లైన్‌లో వచ్చిన పేపరు మార్చి సంచికలో అచ్చయితే సంవత్సరమే మారిపోతుంది. ఒక దరఖాస్తులో ఒక సంవత్సరం, ఇంకోదానిలో ఇంకో సంవత్సరం రాస్తే పరిశీలించేవారికి అవి రెండు వేర్వేరు పేపర్లని అనిపించవచ్చు.

ఎక్సెల్‌తో ఒక జాగ్రత్త. పేజీల గడిలో 3-7 అని కొట్టగానే అది దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఏమీ నింపకముందే ఆ గడి మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చండి. ఇదే జబ్బు జన్యువుల పేర్లకూ పట్టి, సెప్ట్1, మార్చ్1 వంటివి పరిశోధనా పట్టికల్లో తేదీలుగా మారిపోతుంటే 2020లో జన్యు నామకరణ కమిటీ వాటి పేర్లనే మార్చాల్సి వచ్చింది.

జాబితా పూర్తయ్యాక ప్రతి డీఓఐనీ బ్రౌజర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ముందు చివరి అక్షరం చూడండి. రిఫరెన్సు నుంచి కాపీ చేసినప్పుడు వాక్యం చివరి ఫుల్‌స్టాప్ కూడా అంటుకుని వస్తుంది. అది తీసేసినా తెరుచుకోకపోతే జర్నల్ ఆ డీఓఐని అసలు నమోదే చేసి ఉండకపోవచ్చు. ఎడిటోరియల్ ఆఫీసుకు వెంటనే మెయిల్ పెట్టండి. డీఓఐ పనిచేయని పేపరుకు ఎవరైనా సైటేషన్ ఇచ్చినా అది మీ లెక్కలోకి చేరకుండా పోయే ప్రమాదముంది.

2. పేరు: తెలుగువారికి ఇక్కడే ఎక్కువ నష్టం

మన ఇంటిపేరు ముందుంటుంది, సాధారణంగా ఇనీషియల్‌గానే ఉంటుంది. జర్నళ్ల ఫారాల్లో మాత్రం "లాస్ట్ నేమ్" అనే గడి ఉంటుంది. అందులో ఏం రాస్తే అదే లోకానికి మీ ఇంటిపేరు అవుతుంది.

కె. వెంకట రమణారావు అనే ఊహాజనిత రచయితను తీసుకోండి. చివర రావును విడదీసి రాస్తే పబ్‌మెడ్‌లో ఆయన "రావు కె.వి." అవుతారు. కలిపి రాస్తే "రమణారావు కె.వి." అవుతారు. ఇంటిపేరును విడమరిచి చివర పెడితే "కొండపల్లి వి.ఆర్." అవుతారు. తోటి రచయిత ఎవరో తొందరలో ఫారం నింపుతూ లాస్ట్ నేమ్ గడిలో ఇనీషియల్ కొడితే ఆ మహానుభావుడి ఇంటిపేరు ఒంటరి "కె" అయి కూర్చుంటుంది. ఒకే మనిషి నలుగురు రచయితలయ్యాడు, సైటేషన్లు నాలుగు చోట్లకు చెదిరిపోయాయి.

ఇంకో మెలిక ఉంది. పబ్‌మెడ్ రచయిత పేరులో రెండు ఇనీషియల్స్‌నే ఉంచుతుంది, మూడోది రాలిపోతుంది. రావు, రెడ్డి, కుమార్, ప్రసాద్ అనే చివరి మాటలున్నవారికి ఇది పెద్ద దెబ్బ. "రావు కె.వి." అని వెతికితే కంటి వైద్యం నుంచి మొక్కల రసాయనాల దాకా ఎందరివో పేపర్లు కలగలిసి వస్తాయి.

ఈ తిప్పలు కొత్తవేమీ కావు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇంగ్లిషులో ఒక చోట సుబ్బా, రౌ కలిపి, ఇంకో చోట విడదీసి, వేరొక చోట మధ్యలో పెద్దక్షరంతో కనిపిస్తుంది. ఆయన పాత పేపర్లన్నీ దొరకాలంటే ఇప్పటికీ ఈ రూపాలన్నిటితో వెతకాల్సిందే.

కాబట్టి మొదటి పేపరు పంపేముందే ఒక రూపం ఖాయం చేసుకోండి. చివరి మాటగా ఇంటిపేరు పూర్తిగా రాయడం మంచిది, రావు, కుమార్ కంటే అది అరుదుగా ఉంటుంది. పెళ్లి తర్వాత పేరు మార్చుకోవాలనుకునేవారు పేపర్లలో మాత్రం పాత పేరే కొనసాగించవచ్చు, అందులో తప్పులేదు. ఇప్పటికే నాలుగు రూపాలున్నవారు పాతవాటిని మార్చలేరు. అన్నిటినీ ఒక కాగితం మీద రాసుకోండి, కింద ప్రొఫైళ్లలో ఒక్కో రూపాన్నీ చేర్చాలి.

సంస్థ పేరుకూ ఇదే నియమం. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్ఆర్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. తెలంగాణ కళాశాలలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. ఒకే కాలేజీ, ఒకే డిపార్ట్‌మెంట్ అయినా పేపర్ల మీద విశ్వవిద్యాలయం పేరు మారుతూ వచ్చింది. అందుకే కాలేజీ పేరు, ఊరు ఎప్పుడూ ఒకేలా రాయండి. పైనున్న విశ్వవిద్యాలయం మారినా వెతికేవారికి అవి ఆనవాళ్లవుతాయి.

3. ఆర్కిడ్

ఆర్కిడ్ అంటే ఒక్కో పరిశోధకుడికీ ఇచ్చే 16 అంకెల ఉచిత గుర్తింపు సంఖ్య. చివరి స్థానంలో అంకెకు బదులు "ఎక్స్" ఉండవచ్చు, అది తప్పు కాదు. సంఖ్య సరిగ్గా టైపయిందో లేదో పట్టుకోవడానికి ఆ చివరి స్థానం పనికొస్తుంది.

ఖాతా తెరిచేటప్పుడు కాలేజీ ఈమెయిల్ ఒక్కటే ఇవ్వొద్దు. ఉద్యోగం మారిన రోజున ఆ ఈమెయిల్ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతాలోకి దారి ఉండదు, విసిగిపోయి రెండో ఆర్కిడ్ తెరుస్తారు. ఒకరికి రెండు ఆర్కిడ్‌లుంటే దాని ప్రయోజనమే పోతుంది. సొంత ఈమెయిల్ కూడా జతచేయండి. ఇప్పటికే రెండు ఉంటే సెట్టింగుల్లో రెండోదాన్ని డూప్లికేట్‌గా చూపి తీసేయవచ్చు, ఆ పాత సంఖ్య మొదటిదానికే దారి చూపుతుంది.

లోపల ఇతర పేర్లు చేర్చే చోట మీ పేరు రూపాలన్నీ చేర్చండి. "సెర్చ్ అండ్ లింక్" ద్వారా స్కోపస్, క్రాస్‌రెఫ్ (డీఓఐలు నమోదు చేసే సంస్థ), యూరప్ పీఎంసీ (జీవశాస్త్ర పేపర్ల ఉచిత భాండాగారం) నుంచి పేపర్లు తెచ్చుకోండి. చేత్తో టైపు చేయడం కంటే ఇది మేలు, డీఓఐలు తప్పుల్లేకుండా వస్తాయి. క్రాస్‌రెఫ్‌కు స్వయంగా చేర్చే అనుమతి కూడా ఇవ్వండి. అది పనిచేయాలంటే పేపరు పంపేటప్పుడే జర్నల్ సైటులో మీ ఆర్కిడ్ జతచేసి ఉండాలి. కరెస్పాండింగ్ ఆథర్ తన ఒక్కరిదే జతచేసి మిగతావారిని వదిలేయడం మామూలే. పేపరు పంపేముందు మీది కూడా పెట్టమని అడగండి.

4. మిగతా ప్రొఫైళ్లను శుభ్రం చేయడం

గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టండి. ఎక్కువ చెత్త చేరేది అక్కడే. సెట్టింగుల్లో పేపర్లను తనంతట తాను చేర్చే ఎంపికను ఆపి, మార్పుల గురించి ఈమెయిల్ పంపే ఎంపికను పెట్టండి. ఆపకపోతే మీలాంటి పేరున్న ఇంకొకరి పేపర్లు చడీచప్పుడు లేకుండా మీ ఖాతాలో పడతాయి. మీకు 3 పేపర్లున్నప్పుడు వెంటనే కనిపెడతారు, 60 ఉన్నప్పుడు కనిపెట్టలేరు. ఇంటర్వ్యూలో ఎవరో "ఈ మొక్కజొన్న పేపరు మీదేనా?" అని అడిగితే జవాబు చెప్పుకోవడం కష్టం.

తర్వాత శీర్షికల ప్రకారం అమర్చి జంటలను వెతకండి. ఒకే పేపరు ప్రీప్రింట్‌గా ఒకసారి, జర్నల్‌లో ఒకసారి, శీర్షికలో అక్షరం తేడాతో ఇంకోసారి పడి ఉంటుంది. వాటిని ఎంచుకుని "మర్జ్" నొక్కండి. సైటేషన్ల అంకె పక్కన నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే కలిపినవాటి లెక్క కచ్చితంగా సరిపోకపోవచ్చని అర్థం.

పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు పేరు పక్కన రచయిత గడి ట్యాగు [au] పెట్టండి, లేకపోతే శీర్షికల్లో ఉన్న మాటలూ పట్టుకొస్తుంది. సంస్థ పేరు కలిపి వెతికితే ఒక లోటుంది. 2014కు ముందు పబ్‌మెడ్ మొదటి రచయిత సంస్థను మాత్రమే నమోదు చేసేది. అప్పట్లో మీరు మూడో రచయిత అయితే, కాలేజీ పేరుతో వెతికినప్పుడు ఆ పేపరు రాకపోవచ్చు. దాన్ని శీర్షికతోనే పట్టుకోవాలి. దొరికినవాటిని పబ్‌మెడ్‌ను నడిపే ఎన్‌సీబీఐ ఖాతాలోని "మై బిబ్లియోగ్రఫీ"లో దాచుకోండి. అమెరికాలో ఎన్ఐహెచ్ (అక్కడి జాతీయ ఆరోగ్య పరిశోధనా సంస్థ) నిధులకు దరఖాస్తు చేసే మనవాళ్లకు ఇది తప్పనిసరిగా పనికొస్తుంది.

స్కోపస్‌కు చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో రచయితను వెతకవచ్చు. మీ పేరు రూపాలన్నిటితో వెతకండి. రెండు మూడు ఆథర్ ఐడీలు కనిపిస్తే అన్నిటినీ ఎంచుకుని కలపమని కోరండి, మీవి కానివాటిని తీసేయమనీ అక్కడే చెప్పవచ్చు. మార్పు మర్నాడే కనిపించదు, వారాలు పట్టవచ్చు. దరఖాస్తు గడువుకు ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు. వెబ్ ఆఫ్ సైన్స్‌లో రీసెర్చర్ ప్రొఫైల్ పద్ధతీ దాదాపు ఇదే.

5. ఇప్పుడు లెక్క

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. చేత్తో ఒకసారి లెక్కపెట్టి చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. పది పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదాకా రాయండి:

48, 31, 19, 12, 9, 7, 5, 3, 1, 0

ఎడమ నుంచి వరుస సంఖ్య వేసుకుంటూ రండి. ఆరో పేపరుకు 7 సైటేషన్లున్నాయి, ఆరు కంటే తక్కువ కాదు. ఏడో పేపరుకు 5 మాత్రమే ఉన్నాయి, ఏడుకు చాలవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. పది, అంతకు మించి సైటేషన్లున్నవి నాలుగు, అంటే ఐ10-ఇండెక్స్ 4. మొత్తం సైటేషన్లు 135. సగటు 13.5 అయినా మధ్యస్థం 8 మాత్రమే. మొదటి రెండు పేపర్లే 79 సైటేషన్లు లాక్కొచ్చాయి. సగటు ఒక్కటే చెప్పడం ఎందుకు సరికాదో ఈ తేడా చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఆరో పేపరు గూగుల్ స్కాలర్‌లో రెండుగా చీలి ఒకదానికి 4, రెండోదానికి 3 పడ్డాయనుకోండి. ఆరో స్థానంలోకి 5 వస్తుంది, హెచ్-ఇండెక్స్ 5కు పడిపోతుంది. మొదటి పేపరు 48 నుంచి 480కి ఎగబాకినా హెచ్-ఇండెక్స్ కదలదు. హద్దు దగ్గరున్న పేపరులో చిన్న తప్పు అంకెను మారుస్తుంది, శిఖరం మీదున్న పేపరు ఎంత పెరిగినా మార్చదు.

హెచ్-ఇండెక్స్ వయసుతో పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్తవారినీ పాతవారినీ పక్కపక్కన పెట్టేటప్పుడు దాన్ని మొదటి పేపరు నుంచి గడిచిన సంవత్సరాలతో భాగించాలని హిర్షే చెప్పాడు. పై ఉదాహరణలో మొదటి పేపరు 2014లో వచ్చి, ఇప్పుడు 2026 అయితే 6 భాగించు 12, అంటే 0.5.

స్వీయ సైటేషన్లు విడిగా చూసుకోండి. స్కోపస్‌లో సైటేషన్ ఓవర్‌వ్యూ తెరిచి వాటిని తీసేసి చూసే వీలుంది. స్వీయ సైటేషన్ నేరం కాదు. ఒకే రోగుల బృందాన్ని పదేళ్లు వెంబడించి చూసే అధ్యయనంలో రెండో పేపరు మొదటిదాన్ని ఉదహరించకపోతేనే తప్పు. కానీ అవి తీసేయగానే అంకె సగానికి పడిపోతే కమిటీ ప్రశ్నిస్తుంది, ప్రశ్నించాలి కూడా.

6. ఒక రంగం సైటేషన్లను ఇంకో రంగంతో పోల్చవద్దు

క్యాన్సర్ జీవశాస్త్రంలో ఒక మోస్తరు పేపరుకు వచ్చే సైటేషన్లు అనాటమీలో మంచి పేపరుకు కూడా రావు. ఆ రంగంలో రాసేవారి సంఖ్యే తక్కువ. దీనికి విరుగుడుగా అమెరికా ఎన్ఐహెచ్ వారి ఐసైట్ అనే ఉచిత సాధనం ఉంది. మీ పీఎంఐడీలు అందులో అతికిస్తే ఒక్కో పేపరుకు రిలేటివ్ సైటేషన్ రేషియో ఇస్తుంది. ఆ పేపరుతో కలిపి ఉదహరించబడే పేపర్ల ఆధారంగా రంగాన్ని తనే గుర్తించి, దానితో పోల్చి చెబుతుంది. 1.0 వస్తే ఎన్ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల మధ్యస్థంతో సమానం. 2.0 అంటే దానికి రెట్టింపు. కొత్త పేపర్లకు ఈ అంకె తాత్కాలికమే, దాన్ని పట్టుకుని గొప్పలు చెప్పుకోవద్దు. పేపరు మనుషుల మీద జరిగిన పనా, జంతువుల మీదా, కణాల స్థాయిదా అన్నదీ, దాన్ని క్లినికల్ పేపర్లు ఉదహరించాయా అన్నదీ కూడా అక్కడ కనిపిస్తుంది. క్లినికల్ రంగంవారికి మొత్తం సైటేషన్ల కంటే ఈ ఆఖరి విషయమే ఎక్కువ చెబుతుంది.

పేపరు రకం కూడా లెక్కను మార్చేస్తుంది. రివ్యూలకు సైటేషన్లు తేలిగ్గా వస్తాయి. పద్ధతిని చెప్పే పేపర్లకు అయితే హద్దే ఉండదు. ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద 1951లో లౌరీ బృందం రాసిన పేపరుకు మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. సుబ్బారావు 1925లో ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని (ఆ పేపరు 66వ వాల్యూమ్ 375వ పేజీలో మొదలవుతుంది) బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో నేటికీ నేర్చుకుంటున్నారు. అయితే ఒక పద్ధతి బాగా స్థిరపడ్డాక జనం అసలు పేపరును ఉదహరించడం మానేసి పద్ధతి పేరు మాత్రమే రాస్తారు. అలాంటి పేపరు విలువ సైటేషన్ల లెక్కకు పూర్తిగా అందదు. మీరూ మీ పేపర్లలో వాడిన పద్ధతులకు అసలు పేపర్లనే ఉదహరించండి, అది వారికి దక్కాల్సినది.

7. జర్నల్ సంగతి

"పబ్‌మెడ్‌లో ఉంది" అన్నంత మాత్రాన "మెడ్‌లైన్‌లో ఉంది" అని కాదు. మెడ్‌లైన్ అంటే పబ్‌మెడ్ లోపలే ఎంపిక చేసిన జర్నళ్ల భాగం. పేపరు పీఎంసీలో (పూర్తి పేపర్ల ఉచిత భాండాగారం పబ్‌మెడ్ సెంట్రల్‌లో) పెట్టినా పబ్‌మెడ్‌లో కనిపిస్తుంది, జర్నల్ మెడ్‌లైన్‌కు ఎంపిక కాకపోయినా సరే. తేల్చుకోవాలంటే ఎన్ఎల్ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగ్‌లో జర్నల్ పేరు వెతికి, ప్రస్తుతం మెడ్‌లైన్‌లో ఇండెక్స్ అవుతోందా అన్న వరుస చదవండి. నేషనల్ మెడికల్ కమిషన్ అధ్యాపకుల అర్హత నిబంధనలు 2022లో ఒకసారి, 2025లో మరోసారి మారాయి. ఏ ఇండెక్సులు చెల్లుతాయి, ఏ స్థానంలోని రచయితకు లెక్క అన్నది మీ దరఖాస్తు తేదీకి అమల్లో ఉన్న ప్రతిలోనే చూసుకోండి. సీనియర్లు చెప్పేది వారి కాలపు నిబంధన కావచ్చు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మీది కాదు. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఆ జర్నల్‌లో 2022, 2023లలో వచ్చినవాటికి 2024లో పడిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో అది వేసిన పరిశోధనా పత్రాలు, రివ్యూల సంఖ్యతో భాగించినది. ఎడిటోరియళ్లకూ లేఖలకూ వచ్చిన సైటేషన్లు పైన చేరతాయి, అవి మాత్రం కింది సంఖ్యలో చేరవు. మీ పేపరు విలువను ఆ సగటు చెప్పలేదు. 2012లో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో డిక్లరేషన్ మనుషులను తూచడానికి దీన్ని వాడొద్దని సూటిగా చెప్పింది.

నకిలీ పట్టుకోవడానికి ఒక చిన్న ఆనవాలు: 2023 జూన్ నుంచి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు ప్రకటించే క్లారివేట్ సంస్థ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను దశాంశం తర్వాత ఒక్క అంకెతోనే ఇస్తోంది. ఏదైనా జర్నల్ తన తాజా విలువ 4.873 అని మూడంకెలతో ప్రకటిస్తే అది క్లారివేట్‌ది కాదని అనుమానించి సరిచూడండి. ఉన్న మంచి జర్నల్ పేరునే పెట్టుకుని దొంగ వెబ్‌సైటు నడిపేవారూ ఉన్నారు. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, ఐఎస్ఎస్ఎన్‌తో స్కోపస్ మూలాల జాబితాలో వెతికి అక్కడి నుంచి అసలు సైటుకు వెళ్లండి.

8. దరఖాస్తులో రాయడం

అంకె ఒంటరిగా రాయొద్దు. మూలం, తేదీ తోడుండాలి. ఇలా: "స్కోపస్ ప్రకారం 24 పేపర్లు, 412 సైటేషన్లు, స్వీయ సైటేషన్లు తీసేస్తే 371, హెచ్-ఇండెక్స్ 11. చూసిన తేదీ 10 జనవరి 2026." ఒకే దరఖాస్తులో పేపర్ల సంఖ్య స్కోపస్ నుంచి, హెచ్-ఇండెక్స్ గూగుల్ స్కాలర్ నుంచి తెచ్చి అతికించవద్దు. పెద్దది ఎక్కడుంటే అక్కడి నుంచి ఏరుకున్నారని చూడగానే తెలిసిపోతుంది.

దాని కింద మీ అయిదు ముఖ్యమైన పేపర్లు ఎంచి, ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి: ఏం కనుక్కున్నారు, అందులో మీ చేతిపని ఏది. డిజైన్ మీదా, రోగులను చేర్చింది మీరా, గణాంకాలు చూసింది మీరా అన్నది స్పష్టంగా ఉండాలి. ఆరుగురు రచయితల పేపరులో నాలుగో స్థానంలో ఉన్నా, ఆ ఫ్లో సైటోమెట్రీ అంతా మీరే చేసి ఉంటే అలాగే రాయండి. మీ పేపర్లలో దేనికైనా సవరణ గానీ ఉపసంహరణ గానీ వచ్చి ఉంటే దాచకండి, ఆ వరుస పక్కనే రాయండి. క్రాస్‌రెఫ్ 2023లో ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసును తీసుకుని అందరికీ తెరిచింది, ఎవరైనా నిమిషంలో చూడగలరు. రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఉపసంహరించిన పేపరు జాబితాలో ఉంటే అదే ఎర్రగా హెచ్చరిస్తుంది, కాబట్టి పేపరు పంపేముందు మీ రిఫరెన్సులనూ అందులో ఒకసారి తెరిచి చూడండి.

జనవరి, జులై నెలల మొదటి వారంలో గంట కేటాయించి కొత్త పేపర్లను ఎక్సెల్‌లో ఎక్కించి, నాలుగు ప్రొఫైళ్లనూ దానితో సరిపోల్చుకోండి. ఆ రోజు స్కోపస్ పేజీనీ గూగుల్ స్కాలర్ పేజీనీ పీడీఎఫ్‌గా దించి, ఫైలు పేరులో తేదీ ముందు వచ్చేలా, 2026-01-10 అన్న పద్ధతిలో పెట్టి, పేపర్ల పీడీఎఫ్‌లున్న ఫోల్డరులోనే దాచండి. ఆరు నెలల తర్వాత ఆఫీసు వాళ్లు "మీరు రాసిన 412 ఎక్కడిది?" అని అడిగినప్పుడు అంకె ఎలాగూ మారిపోయి ఉంటుంది, ఆ రోజు పీడీఎఫ్ మాత్రం మీ దగ్గర ఉంటుంది.